ఏడుసార్లు ఎమ్మెల్యే: భోగాపురం, నెల్లిమర్ల రికార్డు సరిగ్గా రాయాలంటే ఏ కాగితాలు చూడాలి?

చంపావతి ఒడ్డు అడిగినది:

అందరికీ నమస్కారమండి. మాజీ ఎమ్మెల్యే పతివాడ నారాయణస్వామినాయుడు గారి శాసనసభా జీవితం మీద 32 పేజీల చిన్న పుస్తకం తయారవుతోంది. పొగడ్తల సంచిక కాదు. విజయనగరం జిల్లా పిల్లలు రేపు చూసుకోవడానికి పనికొచ్చే రికార్డు కావాలి. భోగాపురం నుంచి ఆరుసార్లు, నెల్లిమర్ల నుంచి ఒకసారి గెలిచారన్నది అందరికీ తెలిసిందే. చిక్కు ఆ తర్వాతే మొదలవుతోంది. ఒకరు ముప్పై అయిదేళ్లు ఎమ్మెల్యే అంటారు, ఇంకొకరు ముప్పై ఒకటి అంటారు. భోగాపురం నియోజకవర్గమే ఇప్పుడు లేదు. సభలో ఏం మాట్లాడారో ఎక్కడ దొరుకుతుంది? "ఆయన హయాంలో వచ్చింది" అని చెప్పే రోడ్లు, భవనాల సంగతి ఎలా నిర్ధారించుకోవాలి? తెలిసినవాళ్లు వరసగా చెప్పండి. ఏ కాగితం ముందు చూడాలి, ఎక్కడ తప్పు పడుతుంది అన్నది ముఖ్యం.

---

గోస్తని గట్టు జవాబు:

చంపావతి గారూ, ఒక పెద్ద కాగితం మీద ఏడు గడులు కాదు, పది గడులు గీయండి. 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004, 2009, 2014, 2019. గెలిచినవి ఏడు నిండుతాయి. 1983 నుంచి 2004 దాకా వరసగా ఆరూ భోగాపురం, 2014 నెల్లిమర్ల. మిగతా మూడు గడులు ఖాళీగా వదలకండి. ఆ ఏడాది ఆ సీటు ఎవరు గెలిచారో రాయండి. నెల్లిమర్లలో 2009లో కాంగ్రెస్ నుంచీ, 2019లో వైసీపీ నుంచీ గెలిచింది బడ్డుకొండ అప్పలనాయుడు గారు. గెలుపుల జాబితా మాత్రమే వేస్తే అది సన్మానపత్రం అవుతుంది గానీ రికార్డు అవదు.

అంకెలకి మొదటి ఆధారం ఎన్నికల సంఘం గణాంక నివేదిక. 1951 నుంచీ ప్రతి సాధారణ ఎన్నికకీ ఒకటి ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో నియోజకవర్గం వారీగా అభ్యర్థి పేరు, పార్టీ, ఓట్లు, శాతం ఉంటాయి. పత్రికల్లో కౌంటింగ్ మర్నాడు వచ్చిన అంకెలు వాడకండి. అప్పటి హడావుడిలో ఆఖరి రౌండు కలవకుండానే అచ్చయినవి ఉంటాయి. 2009 నుంచి ముందుకి అయితే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైట్‌లో ఫారం 20 చూడండి. అది పోలింగ్ కేంద్రం వారీ లెక్క. ఏ ఊరు ఎటు మొగ్గిందో తెలిసేది అందులోనే.

ఇక్కడ జనం పడే గోతులు మూడు.

మొదటిది ఉప ఎన్నికలు. గణాంక నివేదికల్లో సాధారణ ఎన్నికలే ఉంటాయి, ఉప ఎన్నికల ఫలితాలు విడిగా ఉంటాయి. మీ పుస్తకానికి ఈ బాధ లేదు. కానీ పోలిక కోసం పక్క జిల్లా నాయకుల్ని తీసుకుంటే తప్పకుండా తగులుతుంది. ఎర్రన్నాయుడు గారు 1996లో లోక్‌సభకి వెళ్లాక హరిశ్చంద్రపురంలో జరిగిన ఉప ఎన్నికలో అచ్చెన్నాయుడు గారు మొదటిసారి గెలిచారు. సాధారణ ఎన్నికల నివేదికలే చూసేవాళ్లు ఆయన ఖాతా 1999తో మొదలెడతారు. ధర్మాన కృష్ణదాస్ గారిదీ అంతే. 2009లో గెలిచిన నరసన్నపేట సీటునే 2012 ఉప ఎన్నికలో మళ్లీ గెలుచుకున్నారు. నివేదికల్లో వెతికితే మూడుసార్లే కనిపిస్తారు, నిజానికి నాలుగు.

రెండోది 1978 నాటి కాంగ్రెస్. ఆ ఏడాది రాష్ట్రంలో రెండు కాంగ్రెస్‌లు పోటీ చేశాయి, ఇందిరా కాంగ్రెస్ ఒకటి, రెడ్డి కాంగ్రెస్ ఒకటి. నివేదికలో రెండింటికీ వేర్వేరు సంక్షిప్తాలు ఉంటాయి. ఆ పేజీలో ఏ అక్షరాలున్నాయో చూసుకోకుండా "కాంగ్రెస్" అని రాసేస్తే సగం తప్పు.

మూడోది శాతాలు. 1985కీ 1989కీ మధ్య ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. 61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి దిగడమే దానికి ప్రధాన కారణం. అందుకని ఆ రెండు ఎన్నికల ఓట్లని నేరుగా పోల్చి "ఇన్ని వేల ఓట్లు పెంచుకున్నారు" అని రాయకూడదు. చెల్లిన ఓట్లలో శాతం తీసి పోల్చండి. బ్యాలెట్ కాగితాల రోజుల్లో చెల్లని ఓట్లు వేలల్లో ఉండేవి కాబట్టి, పోలైన ఓట్ల మీద శాతం తీస్తే ఒక అంకె, చెల్లిన ఓట్ల మీద తీస్తే ఇంకో అంకె వస్తుంది. పుస్తకం మొత్తం ఒకే పద్ధతి పట్టుకోండి, ఏది పట్టుకున్నారో మొదటి పేజీలోనే చెప్పండి. 2014 నుంచి నోటా కూడా చేరింది, దాన్ని ఎక్కడ కలిపారో అదీ చెప్పాలి.

ఇక ఏళ్ల లెక్క. ముప్పై అయిదు అన్నవాళ్లు ఏడుని అయిదుతో గుణించారు. అది కుదరదు. 1983 సభ రెండేళ్లు కూడా నడవలేదు. 1984 నవంబరులో రద్దయి 1985 మార్చిలో ఎన్నికలు వచ్చాయి. 1999 సభ 2003 నవంబరులో రద్దయింది, కొత్త సభ 2004 మేలో వచ్చింది. సభ రద్దయిన రోజునుంచి ఆయన ఎమ్మెల్యే కారు, మళ్లీ గెలిచేదాకా ఆ నెలలు ఖాళీ. క్యాలెండరు ప్రకారం 1983 జనవరి నుంచి 2009 మే దాకా 26 ఏళ్ల 4 నెలలు. 2014 నుంచి 2019 దాకా 5 ఏళ్లు. మొత్తం 31 ఏళ్ల 4 నెలలు. ముప్పై ఒకటి అన్నవాళ్ల లెక్క ఇదే. అందులోంచి రద్దయిన కాలం, 1984-85లో మూడున్నర నెలలు, 2003-04లో ఆరు నెలలు, తీసేస్తే ముప్పైన్నర ఏళ్లు మిగులుతుంది. రోజులతో సహా కావాలంటే రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించిన తేదీ, సభ రద్దు గెజిట్ తేదీ రెండూ తీసుకోండి. ప్రమాణస్వీకారం చేసిన తేదీ నుంచి లెక్కపెట్టకండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 67ఎ ప్రకారం ఎన్నికైన తేదీ అంటే ఫలితం ప్రకటించిన తేదీయే.

---

వంశధార ఎడమకాలువ జవాబు:

గోస్తని గారు చెప్పిందానికి నియోజకవర్గాల సంగతి కలుపుతున్నాను. ఉత్తరాంధ్ర నాయకుల చరిత్రలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే.

1978 నుంచి 2004 దాకా జరిగిన ఎన్నికలన్నీ 1976 నాటి పునర్విభజన ఉత్తర్వు ప్రకారం. 2009 నుంచి 2008 ఉత్తర్వు ప్రకారం. శ్రీకాకుళం జిల్లాలో 12 సీట్లు 10 అయ్యాయి. సోంపేట, హరిశ్చంద్రపురం, కొత్తూరు, ఉణుకూరు పోయి పలాస, రాజాం వచ్చాయి. విజయనగరం జిల్లాలో 12 కాస్తా 9 అయ్యాయి. నాగూరు, తెర్లాం, సతివాడ, భోగాపురం, ఉత్తరాపల్లి పోయి కురుపాం, నెల్లిమర్ల వచ్చాయి. కాబట్టి "భోగాపురం పేరు మారి నెల్లిమర్ల అయింది" అన్న మాట మీ పుస్తకంలో ఎక్కడా రానీయకండి. ఇప్పటి నెల్లిమర్లలో నెల్లిమర్ల, పూసపాటిరేగ, డెంకాడ, భోగాపురం అని నాలుగు మండలాలున్నాయి. సతివాడ అన్న ఊరు నెల్లిమర్ల మండలంలోనిదే. అంటే 2009లో ఆ సీటుకి నిలబడ్డవాళ్ల ముందు కొత్త ఊళ్లు, కొత్త ఓటర్లు వచ్చి చేరారు. 2004 ఆధిక్యాన్నీ 2014 ఆధిక్యాన్నీ పక్కపక్కన పెట్టి పెరిగిందనో తరిగిందనో అనడానికి లేదు. రెండూ వేర్వేరు నేలలు.

సరిగ్గా ఏ ఊరు ఎటు వెళ్లిందో చూడాలంటే రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టాలి. ఇక్కడో చిక్కు ఉంది. 1976 ఉత్తర్వులో హద్దులు తాలూకాలు, ఫిర్కాల (తాలూకాలో కొన్ని ఊళ్ల రెవెన్యూ భాగం) లెక్కన ఉంటాయి. మండలాలు వచ్చింది 1985లో. 2008 ఉత్తర్వులో మండలాలే. ఫిర్కా పేరూ మండలం పేరూ ఒకటే అయినా ఊళ్లు ఒకటే అవ్వాలని లేదు. ఊరి పేర్ల స్థాయికి దిగి సరిచూసుకోవాలి. 1985కి ముందు పత్రికల్లో "సమితి" అని వస్తే అది మండలం కాదు, పంచాయతీ సమితి. దానికి అధ్యక్షుడు ఉండేవారు. ఈ తేడా తెలియని రాతల్లో సమితి అధ్యక్షుల్ని మండలాధ్యక్షులుగా మార్చేస్తున్నారు.

రిజర్వేషను కూడా చూడండి. పేరు అలాగే ఉండి స్వభావం మారిన సీట్లున్నాయి. ఎచ్చెర్ల 2004 దాకా ఎస్సీ సీటు. ప్రతిభాభారతి గారు 1983 నుంచి 1999 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది అక్కడే. 2009 నుంచి అది జనరల్, కొత్త రాజాం ఎస్సీకి వెళ్లింది. పాలకొండ ఎస్సీ నుంచి ఎస్టీకి, పార్వతీపురం జనరల్ నుంచి ఎస్సీకి మారాయి. "ఆ తర్వాత ఆవిడ ఆ సీటు వదిలేశారు" అని రాసేముందు, సీటే మారిపోయిందా అని చూసుకోవాలి కదా.

సీటు పోతే ఏమవుతుందో సోంపేటలో చూడొచ్చు. గౌతు శ్యామసుందర శివాజీ గారు 1985 నుంచి 2004 దాకా సోంపేటలో అయిదుసార్లు గెలిచారు. 2008లో సోంపేట మండలం ఇచ్ఛాపురంలో కలిసింది, మందస, వజ్రపుకొత్తూరు పలాసకి వెళ్లాయి. ఆయన పలాస ఎంచుకున్నారు. 2009లో ఓడి 2014లో గెలిచారు. ఒకే మనిషి, రెండు సీట్లు, మధ్యలో గీత. పతివాడ గారి కథకి అచ్చం ఇదే వరస. పోలికకి మీకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇంకోటి, జిల్లా పేరు. 1979 జూన్ 1కి ముందు విజయనగరం జిల్లా లేదు. 2022 ఏప్రిల్ 4 తర్వాత రాజాం విజయనగరంలో, పాలకొండ పార్వతీపురం మన్యంలో ఉన్నాయి. ఎన్నిక జరిగిన నాటి జిల్లా పేరే రాయండి, అవసరమైతే ఇప్పటిది పక్కన పెట్టండి.

---

పాత చర్చలు జవాబు:

సభ లోపలి పని గురించి చెబుతాను. పుస్తకానికి ప్రాణం ఇదే. మన దగ్గర రాసేవాళ్లలో నూటికి తొంభై మంది దీన్ని ముట్టుకోకుండానే ముగించేస్తారు, అది చాలా బాధాకరం. ముప్పై ఏళ్లు సభలో కూర్చున్న మనిషి గురించి సభలో ఏం చేశారో చెప్పకపోతే ఏం చెప్పినట్టు?

ముందు సభల సంఖ్య. 1983ది ఏడో శాసనసభ. అక్కడినుంచి 2004లో వచ్చిన పన్నెండో సభ దాకా ఆరింట్లోనూ ఆయన ఉన్నారు. 2009 నాటి పదమూడో సభలో లేరు. 2014ది పద్నాలుగోది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ఈ వరస సంఖ్యని అలాగే కొనసాగించింది. పాతకాలం నాయకుల దగ్గరికి వెళితే ఇక్కడ ఒక మెలిక ఉంది. 1957లో ఎన్నికలు జరిగింది తెలంగాణ ప్రాంతంలోనే. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ఎన్నికైనవాళ్లే 1962 దాకా కొనసాగారు. శ్రీకాకుళం నాయకుడెవరికైనా "1957లో గెలిచారు" అని రాసి ఉంటే అనుమానించాల్సిందే.

చర్చల సంపుటాలు శాసనసభ సచివాలయం స్కాన్ చేసి పెట్టింది. పాతవి బొమ్మలుగా ఉంటాయి, అక్షరాలుగా కాదు. అంచేత పేరు కొట్టి వెతికితే ఏమీ రాదు, ఏమీ రాలేదు కాబట్టి ఏమీ మాట్లాడలేదు అనుకోకూడదు. తేదీలవారీగా తెరిచి విషయసూచిక చదువుకోవాల్సిందే. ఒక రోజు సంపుటిలో మొదట వచ్చేది ప్రశ్నోత్తరాలు. చుక్క గుర్తున్న ప్రశ్నకి నోటితో జవాబు, దాని మీద అనుబంధ ప్రశ్నలు ఉంటాయి. చుక్క లేనిదానికి రాతపూర్వక జవాబు మాత్రమే. ప్రశ్న పైన సంఖ్య, కింద సభ్యుల పేర్లు, ఆ కింద "ఫలానా విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, వస్తే తీసుకున్న చర్య ఏమిటి" అన్న పద్ధతిలో భాగాలు. పేర్లు ఒకటే ఉండవు, నలుగురైదుగురివి కలిపి ఉంటాయి. కాబట్టి "ఇన్ని ప్రశ్నలు అడిగారు" అని కూడిక వేసేటప్పుడు, ఒంటరిగా వేసినవి వేరు, ఉమ్మడిగా వేసినవి వేరు లెక్కపెట్టండి. ఉమ్మడి ప్రశ్న మీద లేచి అనుబంధ ప్రశ్న అడిగారా లేదా అన్నది కింది సంభాషణలో తెలుస్తుంది. నా దృష్టిలో ఆ అనుబంధ ప్రశ్నే విలువైనది. నోటీసు ఎవరైనా రాసివ్వొచ్చు. మంత్రి జవాబు విని అక్కడికక్కడ లేచి "అది కాదు అధ్యక్షా" అనాలంటే మాత్రం విషయం తెలిసుండాలి.

ప్రశ్నలు కాక చూడాల్సినవి: 74వ నిబంధన కింద అత్యవసర అంశాల ప్రస్తావన, 344 కింద స్వల్పకాలిక చర్చ, 63 కింద వాయిదా తీర్మానం, బడ్జెట్ పద్దుల మీద ప్రసంగం. పద్దుల్లో నీటిపారుదల, పంచాయతీరాజ్, మత్స్యశాఖ ముందు తెరవండి. భోగాపురం, పూసపాటిరేగ తీర మండలాలు కాబట్టి మీకు కావల్సింది ఎక్కువగా అక్కడే తగలొచ్చు.

ఏ ఏళ్లలో వెతకాలో కూడా తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. ఆయన పార్టీ తెలుగుదేశం 1989-94లోనూ 2004-09లోనూ ప్రతిపక్షంలో ఉంది. ప్రతిపక్ష సభ్యుడి గొంతు వినబడేది అప్పుడే. అధికార పక్షంలో ఉన్న ఏళ్లలో పని సభ బయట, మంత్రుల గదుల్లో జరుగుతుంది, చర్చల్లో కనబడదు. ఆ ఏళ్లలో కమిటీల్లో చూడండి. ప్రజాపద్దులు, అంచనాలు, ప్రభుత్వరంగ సంస్థలు, ప్రభుత్వ హామీలు, అర్జీల కమిటీ, ప్రతి ఏటా సభ్యుల జాబితా బులెటిన్‌లో వస్తుంది. నివేదిక మొదటి పేజీలోనూ ఉంటుంది. హామీల కమిటీని చిన్నచూపు చూడకండి. మంత్రి సభలో "చేయిస్తాం" అన్న ప్రతి మాటనీ పట్టుకుని ఏమైందని అడిగేది ఆ కమిటీయే.

2014 జూన్‌లో ఆయన ప్రొటెం స్పీకర్. ఇది తప్పకుండా ఒక పేజీ ఇవ్వాల్సిన విషయం. రాజ్యాంగం 180(1) అధికరణ కింద గవర్నరు నియమిస్తారు. కొత్త సభ్యులతో ప్రమాణం చేయించడం, స్పీకర్ ఎన్నిక జరిగేదాకా సభ నడపడం, అంతటితో బాధ్యత ముగుస్తుంది. కాబట్టి "మాజీ స్పీకర్" అని రాయకూడదు. 2019లో ఆ బాధ్యత మళ్లీ మీ జిల్లాకే, బొబ్బిలి సభ్యుడు శంబంగి వెంకట చిన అప్పలనాయుడు గారికి వచ్చింది. స్పీకర్లు కావాలంటే పక్కన శ్రీకాకుళం చూడాలి. 1983లో తంగి సత్యనారాయణ గారు, 1999లో ప్రతిభాభారతి గారు, 2019లో తమ్మినేని సీతారాం గారు.

---

చంపావతి ఒడ్డు:

చాలా కృతజ్ఞతలండి అందరికీ. ముప్పైన్నర లెక్క గడులు వేసి చూశాను, సరిపోయింది. ఇంకో రెండు అడగాలి. 1984 ఆగస్టులోనూ 1995 ఆగస్టులోనూ తెలుగుదేశం ఎమ్మెల్యేలు రెండు శిబిరాలయ్యారు కదా. ఆ రోజుల్లో ఆయన ఎటు ఉన్నారన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. ఎలా తేల్చాలి? రెండోది, శిలాఫలకాలు ఫోటోలు తీస్తే సరిపోతుందా?

---

పాత చర్చలు జవాబు:

మొదటిదానికి: నోటిమాట మీద రాయొద్దు. ఎన్టీఆర్‌ని తొలగించింది 1984 ఆగస్టు 16న, ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయింది సెప్టెంబరు 16న. 1995లో చంద్రబాబు నాయుడు గారు ప్రమాణం చేసింది సెప్టెంబరు 1న. ఈ రెండు సందర్భాల్లోనూ ఆ వెంటనే జరిగిన విశ్వాస పరీక్ష రోజు సంపుటి తెరవండి. ఓట్ల విభజన జరిగి ఉంటే అనుకూలుర పేర్లు, వ్యతిరేకుల పేర్లు విడివిడిగా అచ్చవుతాయి. పేరు ఉంటే ఉన్నట్టు రాయండి, లేకపోతే ఆ పేరా తీసేయండి. శిబిరాల ఫోటోలు, సంతకాల జాబితాల కబుర్లు పక్కన పెట్టండి. ఆ రోజుల్లో ఉదయం ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు ఉన్నవాళ్లున్నారు. ఇలాంటి చోట ఊహ రాస్తే మనిషికీ చరిత్రకీ ఇద్దరికీ అన్యాయమే.

---

రామతీర్థం మెట్లు జవాబు:

శిలాఫలకాల గురించి నేను చెబుతాను. ఫోటో తియ్యండి, కానీ దాన్ని సాక్ష్యం అనుకోకండి.

ఫలకం మీద పైన "శంకుస్థాపన" అని ఉందా, "ప్రారంభోత్సవం" అని ఉందా అన్నది ముందు చూడాలి. తర్వాత తేదీ. తర్వాత పని పేరు, అంచనా విలువ, ఏ పథకం కింద అన్నది. పేర్ల వరసలో "ముఖ్య అతిథి", "అధ్యక్షత" అని విడివిడిగా ఉంటాయి. స్థానిక ఎమ్మెల్యే పేరు ప్రోటోకాల్ ప్రకారం దాదాపు ప్రతి ఫలకం మీదా ఉంటుంది. అంటే పేరు ఉన్నంతమాత్రాన ఆయన తెచ్చారని కాదు, అప్పుడు ఆయన ఎమ్మెల్యే అని మాత్రమే. సున్నం కొట్టేసిన రాళ్లని ఎదురుగా నిలబడి తీస్తే అక్షరాలు కనబడవు. పొద్దున్న ఏడెనిమిది గంటల వేళ ఎండ పక్కనుంచి పడుతుంటే చెక్కిన గాడుల్లో నీడ నిలుస్తుంది, అప్పుడు చదవొచ్చు.

శంకుస్థాపనకీ పూర్తవడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మన దగ్గరే చూడండి. తోటపల్లి బ్యారేజీకి 2003లో రాయి వేస్తే జాతికి అంకితం చేసింది 2015 సెప్టెంబరులో. భోగాపురం విమానాశ్రయానికి అయితే శంకుస్థాపనే రెండుసార్లు, 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి, 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి. మొదటి రాయి నాటికి పతివాడ గారు ఎమ్మెల్యే, రెండోదాని నాటికి కారు. ఈ విమానాశ్రయం అధ్యాయంలో 2015 నాటి భూసేకరణ ఆందోళనలు కూడా రాయండి. గూడెపువలస లాంటి ఊళ్లవాళ్లు భూములు ఇవ్వమని కూర్చున్న రోజుల్లో స్థానిక ఎమ్మెల్యే ఏమన్నారు, ఎవరితో మాట్లాడారు అన్నది జిల్లా ఎడిషన్లలో తేదీలతో దొరుకుతుంది. ఆ భాగం వదిలేస్తే ఆ మండలం పాఠకులు పుస్తకం మూసేస్తారు.

కాగితం వరస ఇలా పట్టుకోండి. ఒక పనికి ముందు పరిపాలనా అనుమతి జీవో వస్తుంది. తర్వాత ఇంజనీర్లు సాంకేతిక అనుమతి ఇస్తారు. తర్వాత టెండరు, ఒప్పందం. బడ్జెట్ విడుదల ఉత్తర్వు వేరు. పని జరిగాక ఎం-బుక్‌లో, అంటే ఇంజనీర్ల కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కుతాయి, బిల్లు అవుతుంది. "జీవో తెచ్చారు" అన్న మాట మొదటి మెట్టు మాత్రమే. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిన పనులు ప్రతి నియోజకవర్గంలోనూ ఉన్నాయి. కాబట్టి పుస్తకంలో ప్రతి పనికీ రెండు తేదీలు పెట్టండి, అనుమతి తేదీ, పూర్తయిన తేదీ. రెండోది దొరకని పనిని "మంజూరైంది" అని రాయండి, "నిర్మించారు" అని కాదు.

ఎమ్మెల్యే సిఫారసు నేరుగా తెలిసేది నియోజకవర్గ అభివృద్ధి నిధుల పనుల్లో. ఆయన లేఖ, కలెక్టరు మంజూరు రెండూ ఫైలులో ఉంటాయి. జిల్లా ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయంలో అడగాలి. సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకలు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఇంకో 30 రోజుల్లో అదే కార్యాలయంలో మొదటి అప్పీలు.

దరఖాస్తు ఎలా రాస్తారన్న దాని మీదే అంతా ఉంది. "1983 నుంచి ఆయన చేయించిన అన్ని పనుల వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే, సమాచారం ఆ రూపంలో లేదనో, ఒకచోట లేదనో తిప్పి పంపుతారు. "2014-15 నుంచి 2018-19 వరకు నెల్లిమర్ల నియోజకవర్గ అభివృద్ధి నిధుల కింద మంజూరైన పనుల రిజిస్టరు నకలు" అని ఒక్క రిజిస్టరు అడగండి. ఒక దరఖాస్తు, ఒక రిజిస్టరు, అయిదేళ్లు. పాత భోగాపురం కాలానికి రిజిస్టర్లు మిగలకపోవచ్చు. మిగలకపోతే "లభ్యం కాదు" అని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం కూడా మీ ఆధారాల్లో ఒకటే.

---

ఇచ్ఛాపురం కాగితాలు జవాబు:

రెండు చిన్న విషయాలు, ఎవరూ అనలేదు కాబట్టి.

పేరు వెతుకులాట. ఎన్నికల నివేదికల్లో ఇంటిపేరు ఒక ఏడాది ముందు, ఇంకో ఏడాది వెనక ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు నిలకడగా ఉండదు. "పతివాడ"లో మూడో అక్షరానికి ఒకచోట వీ, ఒకచోట డబ్ల్యూ. ఉణుకూరు అయితే ఒకచోట యూ అక్షరంతో, ఇంకోచోట వీ అక్షరంతో మొదలవుతుంది, అక్షరక్రమంలో జాబితా చూసేవాళ్లకి అసలు సీటే కనబడదు. నియోజకవర్గం సంఖ్య పట్టుకుని వెతకండి, పేరు పట్టుకుని కాదు. అయితే ఆ సంఖ్య కూడా 2004 దాకా ఒకటి, 2009 నుంచి ఇంకొకటి.

అఫిడవిట్లు. ఆస్తులు, కేసులు, చదువు ప్రమాణపూర్వకంగా చెప్పే పద్ధతి సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత వచ్చింది కాబట్టి 2004 ఎన్నిక నుంచే దొరుకుతాయి. 1983 నాటి ఆస్తి ఇంత అని ఎవరైనా చెబితే దానికి ఆధారం ఉండదు. ఇక వయసు. సచివాలయం వేసే సభ్యుల పరిచయ గ్రంథంలో పుట్టిన తేదీ ఉంటుంది, నామినేషన్ కాగితాల్లో వయసు ఏళ్లలో ఉంటుంది. రెండూ ఒకటికి ఒకటి పొసగకపోతే రెండూ వేసి, ఏది ఎక్కడిదో పక్కన రాయండి. పరిచయ గ్రంథం సభ్యుడు స్వయంగా నింపి ఇచ్చిన పత్రం మీద ఆధారపడి వేస్తారు. అందులోని పదవుల జాబితాని కమిటీ నివేదికలతో ఒకసారి పోల్చుకున్నాకే అచ్చుకి ఇవ్వండి.

---

గోస్తని గట్టు జవాబు:

ఇందాకటి నా లెక్కకి ఒక సవరణ. 1989, 1994, 1999, 2009 ఎన్నికల దగ్గర కూడా పాత సభ ముగిసిన రోజుకీ కొత్త ఫలితానికీ మధ్య కొన్ని రోజులో వారాలో తేడా ఉండొచ్చు. వాటిని నేను తీసేయలేదు. గెజిట్ తేదీలు చేతికొచ్చేదాకా "ముప్పై ఏళ్లకు పైగా" అని మాత్రమే వేయండి. తేదీలన్నీ దొరికాక మలి ముద్రణలో రోజులతో సహా వేయొచ్చు. ఇంకోటి, అట్ట మీద "ఓటమి ఎరుగని" అన్న మాట రానివ్వకండి. 1983 నుంచి 2004 దాకా భోగాపురంలో వరసగా ఆరుసార్లు గెలిచారన్నది దానికదే ఎంతో పెద్ద విషయం. ఇదే కాలంలో విజయనగరం సీటులో అశోక్ గజపతిరాజు గారు 1978 నుంచి వరసగా ఆరుసార్లు గెలిచి, 2004లో స్వతంత్ర అభ్యర్థి కోలగట్ల వీరభద్రస్వామి గారి చేతిలో ఓడారు. అదే 2004లో, రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీస్తుండగా, భోగాపురం నిలబడింది. ఈ రెండు సీట్ల 2004 పట్టికలు ఎదురెదురు పేజీల్లో వేయండి.